మిక్కీ మౌస్ మెస్ కార్డు

బంటుమిల్లి

చి.ల.సౌ. అమ్మడికి,

  మాసూళ్లు అయిపోయాయి. ధాన్యం తోలేశాం, చేలో మినుము మొలకెత్తింది. మీ అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు తగ్గలేదు గానీ నోరు మాత్రం నిక్షేపంగా ఉంది. అల్లుడుగారిని, పిల్లల్ని అడిగానని చెప్పు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన డిస్నీ కాగితాలన్నీ కుర్రాడి చేత ప్రింటు తీయించి చూశాను. "మావయ్యా, నువ్వు మెస్ నడిపినవాడివి కదా, ఈ భోజనాల ప్లాన్ తీసుకోవచ్చో లేదో నువ్వే చెప్పు" అన్నావు. ఫోనులో చెప్పాలంటే మధ్యలో మీ అమ్మ ఒక మాట, బావగారు ఒక మాట అడ్డం వేస్తారు, లెక్క తెగదు. అందుకని ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా చదువుకో, అల్లుడుగారికి కూడా చూపించు.

ముందు నాకు అర్థమైంది సరిగ్గా ఉందో లేదో చూడు. ఓర్లాండో డిస్నీ వరల్డ్ వాళ్ళు ఈ ప్లాన్‌ని 2005లో మొదలుపెట్టారు. కరోనా వచ్చిన 2020లో ఆపేసి, 2024 జనవరిలో మళ్ళీ తెచ్చారు. డిస్నీ వాళ్ళ హోటల్లోనే దిగి, ప్యాకేజీగా కొన్నవాళ్ళకే ఇస్తారు. ఇందులో రెండు రకాలున్నాయి. చిన్న ప్లాన్‌లో మనిషికి ఒక్కో రాత్రి బసకి రెండు కౌంటర్ భోజనాలు, ఒక చిరుతిండి వస్తాయి. పెద్ద ప్లాన్‌లో ఒక కౌంటర్ భోజనం, కూర్చుంటే వడ్డించే హోటల్లో ఒక భోజనం, ఒక చిరుతిండి. రెండిట్లోనూ బస మొత్తానికి మనిషికో మగ్గు ఇస్తారు. హోటల్లో ఎన్నిసార్లయినా కాఫీ, కూల్‌డ్రింకు నింపుకోవచ్చు. కానీ పార్కుల్లో ఆ మగ్గు చెల్లదు. పగలంతా పార్కులోనే తిరిగేవాళ్ళకి అది పొద్దున్నే ఒకసారి, రాత్రి ఒకసారి పనికొస్తుంది, అంతే.

2024లో తిరిగి తెచ్చినప్పుడు చిన్న ప్లాన్ పెద్దవాళ్ళకి రాత్రికి 57.01 డాలర్లు, పిల్లలకి 23.83. పెద్ద ప్లాన్ పెద్దవాళ్ళకి 94.28, పిల్లలకి 29.69. ఏటా మారుస్తుంటారు కాబట్టి నువ్వు బుక్ చేసే రోజు రేటు చూసుకో. నేను మాత్రం ఈ అంకెలతోనే లెక్క వేశాను. రేటు మారినా లెక్క వేసే పద్ధతి మారదు.

నాకు అమెరికా తెలియదు గానీ, ముందే డబ్బు కట్టినవాళ్ళు ఎలా తింటారో బాగా తెలుసు. బందరులో కాలేజీ కుర్రాళ్ళకి మెస్ నడిపిన రోజుల్లో నెల మొదట్లో కార్డు ఇచ్చేవాణ్ణి. దాని మీద రోజుకి రెండు గళ్ళు, పగటి పూటకొకటి, రాత్రి పూటకొకటి. తిన్న పూటకి పెన్సిల్‌తో గడి కొట్టేసేవాళ్ళం. నెలాఖరున కార్డులు వెనక్కి తీసుకుంటే కొట్టని గళ్ళు బోలెడు కనిపించేవి. శనివారం సాయంత్రం అవనిగడ్డ కుర్రాడు బస్సెక్కి ఇంటికి పోయేవాడు. గుడివాడ కుర్రాడు ఫస్ట్ షో చూసి, దారిలో బజ్జీలు తిని, వచ్చి పడుకునేవాడు. ఇంకొకడికి జ్వరం. ఇదంతా నాకు ముందే తెలుసు కనుక శనివారం రాత్రి ఎసట్లో బియ్యం తగ్గించి పోయించేవాణ్ణి. ఆ కొట్టని గళ్ళే మెస్ వాడికి లాభం. దగా ఏమీ లేదమ్మా, ఆ వ్యాపారం అంతే. తినని పూట మా దగ్గర మరుసటి నెలకి జమ కాదు. డిస్నీ వాళ్ళ దగ్గరా గది ఖాళీ చేసిన రోజు అర్ధరాత్రితో మిగిలిన పూటలన్నీ పోతాయి.

ఇంకో సంగతి కూడా చూశాను. కార్డున్న కుర్రాడు ఆదివారం కోడికూర నాడు కడుపు నిండినా మారు వడ్డించమనేవాడు. సోమవారం మజ్జిగన్నం కూడా వద్దనేవాడు. కట్టిన డబ్బు కళ్ళ ముందు ఆడుతుంటే ఆకలితో పని ఉండదు. మన చిన్నదాని చేతిలో రోజూ ఒక ఐస్‌క్రీము పెట్టి, "డబ్బు కట్టేశాం, తినవే" అంటే రాత్రి దాని కడుపునొప్పికి వాము నీళ్ళు కాయాల్సింది నువ్వే. ఆ హోటల్ గదిలో పొయ్యి కూడా ఉండదు.

ఇక మన ఇంటి మనుషుల సంగతి. ఈ ప్లాన్‌లో పిల్లలంటే మూడు నుంచి తొమ్మిదేళ్ళ వాళ్ళే. పదేళ్ళు నిండితే పెద్ద లెక్క. మూడేళ్ళ లోపు పసివాళ్ళకి ప్లాన్ అక్కర్లేదు, పెద్దవాళ్ళ కంచంలోంచి పెట్టుకోవచ్చు. మన పెద్దాడికి పదేళ్ళు నిండాయి. కాబట్టి అన్నం ముందు కూర్చుని అరగంట సేపు మెతుకులు లెక్కపెట్టే ఆ వెధవకి నువ్వు అల్లుడుగారితో సమానంగా 57 డాలర్లు కట్టాలి. వాడికి తొమ్మిదేళ్ళప్పుడు వెళ్ళి ఉంటే నా మాట కొంచెం వేరుగా ఉండేది. ఇద్దరు ముగ్గురు చిన్నపిల్లలున్న ఇంటికీ, ఎదిగిన పిల్లలున్న ఇంటికీ ఈ ప్లాన్ ఒకేలా నప్పదు.

పైగా ఒకే గదిలో దిగిన వాళ్ళలో మూడేళ్ళు దాటిన ప్రతివాళ్ళూ ప్లాన్‌లో ఉండాల్సిందే. ఒకరికి తీసుకుని ఇంకొకరికి మానేస్తామంటే కుదరదు. వాళ్ళు ఈ షరతు ఊరికే పెట్టలేదు. అక్కడ కౌంటర్లో ఇచ్చే ప్లేటు మన వాళ్ళిద్దరికి సరిపోతుందని నువ్వే చాలాసార్లు చెప్పావు. డబ్బిచ్చి కొనుక్కునేటప్పుడు ఒక ప్లేటు తీసుకుని ఇద్దరు తినవచ్చు. ప్లాన్‌లో తలకి ఇంతని ముందే కట్టేస్తే ఆ వెసులుబాటు పోతుంది.

మీ అమ్మానాన్నల సంగతి చూస్తే మరీ తేడా వస్తుంది. అక్కయ్య మాంసం మానేసి చాలా కాలమైంది. బావగారు శనివారం ఒంటిపూట. మిగతా రోజుల్లో కోడికూర, చేప తింటారు గానీ గొడ్డుమాంసం ఛాయలకి కూడా పోరు. నువ్వు పంపిన మెనూల్లో ఖరీదైనవి చూడు, సగం అవే. ప్లాన్ గిట్టుబాటు కావాలంటే ప్రతి పూటా మెనూలో పై వరసలో ఉన్నది తెప్పించుకోవాలి. దానికి తోడు భోజనంతో వచ్చే డ్రింకులో 21 ఏళ్ళు దాటినవాళ్ళు మందు కూడా తీసుకోవచ్చట. తాగేవాళ్ళకి అక్కడే సగం డబ్బు వెనక్కి వస్తుంది. ఈ సంగతి బావగారి ముందు ఎత్తకు, టిక్కెట్లు కూడా రద్దు చేయించేస్తారు. మన వాళ్ళు కూరగాయల బౌలు, చీజ్ పిజ్జా, చల్లటి నీళ్ళతో సరిపెట్టుకుంటారు. ఆ నీళ్ళు కౌంటర్లో అడిగితే ఊరికే ఇస్తారట, పార్కుల్లో నీళ్ళ సీసాలు కొనకు.

ఇప్పుడు అంకెలు చూద్దాం. మీరు ఇద్దరు, అక్కయ్య, బావగారు, పెద్దాడు కలిపి అయిదుగురు పెద్ద లెక్క. చిన్నది ఒక్కతే పిల్ల లెక్క. చిన్న ప్లాన్ రాత్రికి అందరికీ 308.88 డాలర్లు. అయిదు రాత్రులకి 1,544.40.

అదే చేతి నుంచి పెట్టుకుంటే? పొద్దున్న టిఫిన్ గదిలోనే కానివ్వండి. ఫ్రిజ్ ఉంటుంది కాబట్టి బ్రెడ్డు, పాలు, పళ్ళు పెట్టుకోవచ్చు. పెద్దవాళ్ళు నలుగురికి రెండు పూటలూ ఒక్కో ప్లేటు 14 డాలర్ల చొప్పున వేశాను, 112. పెద్దాడికి ఒక పూట పెద్ద ప్లేటు, ఇంకో పూట పిల్లల ప్లేటు, 22. చిన్నదానికి ఒక పిల్లల ప్లేటు 8, రెండో పూట నీ ప్లేట్లోంచే తింటుంది. చిరుతిళ్ళు నాలుగు, 24. మొత్తం 166. అక్కడి అమ్మకపు పన్ను నూటికి ఆరున్నర కలిపితే 177 దాకా వస్తుంది. బావగారి కాఫీలు, పిల్లలు మారాం చేసి కొనిపించే పాప్‌కార్న్ కలిపి రోజుకి 200 వేసుకో. అయిదు రోజులకి 1,000. ఇందులో నేను కడుపు మాడ్చింది ఎక్కడా లేదు. ప్లేట్లు పంచుకోవడం కూడా చిన్నదానికి తప్ప ఎవరికీ వెయ్యలేదు.

ఇక పిల్లలు మిక్కీతో కలిసి కూర్చుని భోంచేస్తామని గొడవ చేస్తున్నారన్నావు. అది చేయించు, మానకు. అంత దూరం వెళ్ళి దానికి వెనకాడకూడదు. అలాంటి బఫేలో పెద్దవాళ్ళకి 65, పిల్లకి 42 అనుకుని మీ నలుగురికి లెక్క వేశాను. పన్నుతో, నూటికి పద్దెనిమిది టిప్పుతో దాదాపు 300 డాలర్లు. ఆ పూట అక్కయ్య, బావగారు గదిలో విశ్రాంతి తీసుకుంటారు. మిక్కీ వేషగాడు భుజం మీద చెయ్యి వేస్తే బావగారికి ఏం సరదా? ఆ పూటకి ముందే టేబుల్ బుక్ చేసుకో, 60 రోజుల ముందు నుంచి ఇస్తారు. అశ్రద్ధ చేస్తే దొరకవు. ఇది కూడా కలిపితే 1,300 అయింది. చిన్న ప్లాన్‌లో ఈ మిక్కీ భోజనం రాదు, అయినా దానికంటే 240 డాలర్లు నీ దగ్గరే మిగిలాయి.

పెద్ద ప్లాన్ అయితే రాత్రికి 501.09, అయిదు రాత్రులకి 2,505.45. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. రోజూ ఇలాంటి మిక్కీ బఫేలకే వెళ్ళే ఇంటికి ఇది గిడుతుంది. పిల్లకి 29.69 కట్టి 42 డాలర్ల బఫే తినిపిస్తే ఆ ఒక్క పూటతోనే ప్లాన్ ధర దాటిపోతుంది. పెద్దవాళ్ళకి కూడా బఫే, కౌంటర్ భోజనం, చిరుతిండి, మగ్గు, పన్ను అన్నీ కలిపితే 94 కంటే కాస్త ఎక్కువే వస్తుంది. నీ స్నేహితురాలు "మాకు బాగా కలిసొచ్చింది" అందంటే అబద్ధం కాకపోవచ్చు. ఆవిడకి చిన్నపిల్లలు ముగ్గురన్నావు కదా. కానీ టిప్పు ప్లాన్‌లో కలవదు, ప్రతి పూటా చేతి నుంచి ఇవ్వాలి. పేరున్న పెద్ద రెస్టారెంట్లలో ఒక్క భోజనానికి రెండు పూటలు కొట్టేస్తారు. అన్నిటికంటే ముఖ్యం, కూర్చుని తినే భోజనానికి గంట, గంటన్నర పడుతుంది. మనిషికి రోజుకి 100 డాలర్లకి పైన టిక్కెట్టు పెట్టి పార్కులోకి వెళ్ళి, రోజూ ఆ సమయం టేబుల్ దగ్గర పోసేది ఎందుకు? నాలుగేళ్ళ పిల్లకి మధ్యాహ్నం కునుకు కూడా కావాలి. టేబుల్ టైముకి పిల్ల నిద్రపోతే ఏం చేస్తావు? లేపి తీసుకెళ్తావా, కట్టిన డబ్బు వదులుకుంటావా?

ఒక్కోసారి "పిల్లలకి ప్లాన్ ఉచితం" అని ఆఫర్లు పెడతారు. ఆ మాటకి గబుక్కున పడిపోకు. అలాంటివి సాధారణంగా గది పూర్తి ధరకి కొన్నవాళ్ళకే ఇస్తారు. అదే రోజుల్లో గదుల మీద తగ్గింపు ఉంటే ముందు దాని విలువెంతో చూడు. మన ఇంట్లో ఉచితం వచ్చేది ఒక్క చిన్నదానికే, ఆ ఉచితం కోసం అయిదుగురికి పూర్తి రేటు కట్టాలి.

డబ్బు సంగతి పక్కన పెడితే, నువ్వు అడగని ప్రశ్న ఇంకొకటి నాకు కనిపిస్తోంది. రోజంతా ప్రతి కౌంటర్ దగ్గరా "అది కొను, ఇది కొను" అని పిల్లలు లాగుతుంటే, ప్రతిసారీ ధర చూసి కాదనడం నీకు విసుగు. ముందే కట్టేస్తే ఆ గొడవ ఉండదని నీ ఆశ. న్యాయమైన ఆశే. కొంతమంది తల్లులకి ఆ నిశ్చింతే 240 డాలర్ల విలువ చేస్తుంది, వాళ్ళని తప్పు పట్టను. కానీ దానికి వేరే మార్గం ఉంది. డిస్నీ గిఫ్ట్ కార్డులు అమ్ముతారు కదా. బయలుదేరే ముందు పెద్దాడికి ఒకటి, చిన్నదానికి ఒకటి కొంత సొమ్ముతో కొనిచ్చెయ్యి. "అయిదు రోజులకీ ఇదే, చిరుతిళ్ళకైనా బొమ్మలకైనా" అని చెప్పు. మొదటి రోజు సగం తగలేస్తారు. రెండో రోజు నుంచి వాళ్ళే ధరలు చదువుతారు. పదేళ్ళవాడికి ఆ లెక్క నేర్పడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు.

మన దగ్గర అయితే నా సలహా ఇంకోలా ఉండేది. మన గుడివాడ పక్క పెదపారుపూడిలో పుట్టిన రామోజీరావు 1996లో పెట్టిన ఫిల్మ్ సిటీ ఉంది చూడు, అక్కడికి బయటి తిండి తీసుకెళ్ళనివ్వరు. మధ్యాహ్నం భోజనం కలిసిన టిక్కెట్లూ, కలవనివీ అమ్ముతారు. ఎండలో తిరిగి పిల్లలు సోలిపోయే వేళకి బఫే సిద్ధంగా ఉంటే మేలు, ఒక్కరోజు ఒక్క పూట వ్యవహారం కనుక భోజనం కలిసిన టిక్కెట్టే తీసుకోమని మన వాళ్ళందరికీ చెబుతుంటాను. రావిర్యాల వండర్లాలోనూ బయటి తిండి కుదరదు. డిస్నీ వాళ్ళు మాత్రం సొంత తిండి లోపలికి తెచ్చుకోనిస్తారు. గాజు సీసాలు, మందు ఉండకూడదు, వేడి చెయ్యాల్సినవి ఉండకూడదు, అంతే. ఇంత మంచి వెసులుబాటు ఉండగా పూటపూటకీ ముందే డబ్బు కట్టడం దేనికి?

కాబట్టి డాలస్‌లో బయలుదేరే ముందు చేగోడీలు, జంతికలు చేసి డబ్బాలకెత్తు. పల్లీలు వేయించి పెట్టుకో. మొదటి రోజుకి పులిహోర కలుపుకుంటే పాడవదు. మీ అత్తయ్య బందరు లడ్డూలు మీ అమ్మ చేత పంపుతానంటోంది, విమానం దిగగానే అక్కయ్య సంచి ఒకసారి చూసుకో. చిన్నది పెరుగన్నం తప్ప తిననని మొండికేస్తే ఏం చేయాలో ముందే ఆలోచించుకో. మీరు డిస్నీ హోటల్ మానేసి బయట కిసిమ్మీ వైపు వంటిల్లున్న ఇల్లు అద్దెకి తీసుకుంటే కుక్కరు కూడా పెట్టుకోవచ్చు. మన వాళ్ళు చాలామంది అలాగే చేస్తారు. అప్పుడు ఈ ప్లాన్ ఊసే ఉండదు. అల్లుడుగారిని అడిగి ఆ మాట కూడా తేల్చుకో. అక్కయ్యకి సాయంత్రం కాసింత వేడి అన్నం, చారు దొరికితే మర్నాడు తిరగడానికి ఓపిక ఉంటుంది.

ఎవరైనా అడిగితే ఇలా చెప్పు. మూడు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలు ఇద్దరు ముగ్గురుండి, రోజూ మిక్కీ బఫేలకే వెళ్ళాలని ముందే అనుకున్న ఇంటికి పెద్ద ప్లాన్ గిట్టుబాటు. పూటపూటా పెద్ద ప్లేటు, దాంతో పాటు మందు తెప్పించుకునే పెద్దలకి చిన్న ప్లాన్ నష్టం లేదు. పదేళ్ళు దాటిన పిల్లలు, శాకాహారులు, పంచుకుని తినేవాళ్ళు, వయసు మళ్ళినవాళ్ళు ఉన్న ఇంటికి రెండూ దండగే. మనది మూడో రకం ఇల్లు.

ప్లాన్ తీసుకోకు. మిక్కీ భోజనం ఒక పూటకి బుక్ చెయ్యి. టిక్కెట్ల డబ్బు కట్టే ముందు ఆ రోజు రేట్లతో ఇదే లెక్క నీ చేతులతో ఇంకోసారి వేసి, ఎంత వచ్చిందో నాకు రాయి.

ఆశీస్సులతో,
మీ చిన్న మావయ్య